డిస్ట్రో మార్చేటప్పుడు హోమ్ ఫోల్డర్, గ్రబ్, వైఫై: ఉబుంటు వదిలి ఎక్కడికి, ఎట్లా?

నల్లరేగడి · నిర్వాహకుడు · ఆదోని
కొత్తవాళ్లకు ఒక మాట. ఇక్కడ కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే రాసుకుంటాం. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట "పెద్ద" అని రాస్తాం. ఈటీసీ, వార్, బూట్‌తో మొదలయ్యే ఫోల్డర్ దారుల్లో మేం అడ్డగీత పెట్టిన చోట స్లాష్ కొట్టండి, మొదట్లోనూ ఒక స్లాష్. అర్థం కాకపోతే అడగండి, ఊహించి కొట్టొద్దు.

#1 · తుంగభద్ర_ఒడ్డు · కర్నూలు
అందరికీ నమస్కారం. ల్యాప్‌టాప్ వివరాలు: ఇంటెల్ ఐ3 6వ తరం, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, వైఫై చిప్ బ్రాడ్‌కామ్ బీసీఎం43142. విండోస్ 10, ఉబుంటు 22.04 రెండూ ఉన్నాయి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగింది. విండోస్ 11 అధికారికంగా 8వ తరం నుంచే కాబట్టి ఈ మెషీన్‌కు రాదు. ఇక మీదట పనంతా లినక్స్‌లోనే.

ఉబుంటులో స్నాప్ (ప్రోగ్రామ్‌లను మూటకట్టి ఇచ్చే పద్ధతి) నచ్చడం లేదు, ఫైర్‌ఫాక్స్ మొదటిసారి తెరుచుకోవడానికి చాలా సేపు పడుతోంది. డెబియన్ 13, ఫెడోరా, ఆర్చ్ ఈ మూడు డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) ఏది? ఉబుంటు పార్టిషన్ 100 జీబీ. హోమ్ (నా ఫైళ్లు, సెట్టింగులు ఉండే ఫోల్డర్) దాంట్లోనే ఉంది, విడిగా లేదు. నెట్ ఫోన్ హాట్‌స్పాట్, రోజుకు 2 జీబీ. పని: పైథాన్, లిబ్రే ఆఫీస్‌లో తెలుగు పత్రాలు. డేటా పోకుండా మారాలంటే వరస ఏంటి?

#2 · ఉగ్గాని · ప్రొద్దుటూరు
ఇబ్బంది స్నాప్ ఒక్కటే అయితే డిస్ట్రో మార్చే పనే లేదు తమ్ముడూ. ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా వాళ్లే డెబ్ ప్యాకేజీల రిపాజిటరీ (ప్రోగ్రామ్‌లు దించుకునే చోటు, పొట్టిగా రిపో) నడుపుతున్నారు, అది చేర్చుకుంటే చాలు. అయితే అందరూ ఒకచోట జారుతారు. రిపో చేర్చి "ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫైర్‌ఫాక్స్" అంటే మళ్లీ స్నాపే వస్తుంది. ఎందుకంటే ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ పేరుతో ఉన్న డొల్ల ప్యాకేజీ వెర్షన్ నంబరు కావాలనే పెద్దదిగా పెట్టి ఉంటుంది. ఈటీసీ-ఆప్ట్-ప్రిఫరెన్సెస్.డీ ఫోల్డర్‌లో ఒక ఫైల్ పెట్టి, మొజిల్లా రిపోకు పిన్ ప్రయారిటీ 1000 ఇవ్వాలి. అప్పుడే ప్యాకేజీలు వేసే ఆప్ట్ మన మాట వింటుంది.

22.04కు మామూలు మద్దతు 2027 దాకా ఉంది. తొందరేమీ లేదు.

#3 · గడియారం_స్తంభం · అనంతపురం
ఉగ్గాని అక్క చెప్పింది నిజం. అయినా మారాలనే ఉంటే, డిస్ట్రో పేరు చూసి కాదు, నీ నెట్ ప్యాక్, నీ వైఫై చిప్ చూసి ఎంచుకో.

బీసీఎం43142కు కెర్నల్‌లో (లినక్స్ గుండెకాయలో) డ్రైవర్ లేదు. బ్రాడ్‌కామ్ ఇచ్చిన మూసిన (సోర్స్ ఇవ్వని) డ్రైవర్‌ను ప్రతి కెర్నల్‌కూ మళ్లీ బిల్డ్ చేయాలి. కెర్నల్ ఎంత తరచుగా మారితే ఆ బిల్డ్ విరిగే అవకాశం అంత ఎక్కువ. ఆర్చ్‌లో, ఫెడోరాలో కెర్నల్ కొన్ని వారాలకొకసారి కొత్త సిరీస్‌కు పోతుంది. ఒకనాడు అప్‌డేట్ అయ్యాక వైఫై ఉండదు. వైఫై లేకుండా దాన్ని బాగుచేసే ప్యాకేజీ దించుకోలేవు. డెబియన్ 13 మాత్రం విడుదలైన 2025 ఆగస్టు నుంచి 6.12 సిరీస్ మీదే ఉంటుంది. భద్రతా సవరణలు వస్తాయి, సిరీస్ మారదు. నీ చిప్‌కు ఇదే పెద్ద రక్ష.

ఇక డేటా. డెబియన్ స్టేబుల్‌లో నెలంతా కలిపినా వచ్చేవి ఎక్కువగా బ్రౌజర్, కెర్నల్ సవరణలే. ఫెడోరా ఆరు నెలలకొక వెర్షన్, ఒక్కోదానికి సుమారు 13 నెలల మద్దతు. అంటే ఏడాదికి ఒక్కసారైనా రెండు మూడు జీబీల వెర్షన్ మార్పు తప్పదు. ఆర్చ్ లాంటి రోలింగ్ డిస్ట్రోల్లో, అంటే వెర్షన్లు లేకుండా ఎప్పుడూ తాజా అవుతూ ఉండేవాటిలో, గ్లిబ్‌సీ, జీసీసీ, పైథాన్ లాంటి పెద్దవి కదిలిన వారం ఒక్క అప్‌డేట్‌కే ఆ రోజు ప్యాక్ అయిపోవచ్చు.

#4 · పెన్నేటి_పాయ · కడప
గడియారం అన్నా, చిప్ విషయం ఒప్పుకుంటా, డేటా విషయం ఒప్పుకోను. ఆర్చ్‌లో అప్‌డేట్లు ఒకచోట దించి ఇంకోచోట వేసుకోవచ్చు. అక్కడ ప్యాకేజీలు వేసేది ప్యాక్‌మాన్. దాని తోడు ప్యాక్‌మాన్-కాంట్రిబ్ ప్యాకేజీలో చెక్‌అప్‌డేట్స్ అనే స్క్రిప్ట్ ఉంది. కాలేజీ వైఫైలో "చెక్‌అప్‌డేట్స్ -డీ" కొడితే ప్యాకేజీలన్నీ క్యాషేలోకి దిగుతాయి. ఇంటికొచ్చి "ప్యాక్‌మాన్ -పెద్ద ఎస్, చిన్న వై, చిన్న యూ" అంటే దించినవే వాడుకుంటాది. మధ్యలో కొత్తగా వచ్చినవి ఉంటే అవి మాత్రమే నెట్ నుంచి.

చాలామంది చేసే తప్పు ఇంకొకటి: "-పెద్ద ఎస్, వై" అని జాబితా మాత్రం తాజా చేసి, ఒక్క ప్యాకేజీ వేసుకోవడం. దాన్ని పాక్షిక అప్‌గ్రేడ్ అంటారు, ఆర్చ్‌లో దానికి మద్దతు లేదు. కొత్త ప్యాకేజీ కొత్త లైబ్రరీ అడుగుతాది, సిస్టమ్‌లో పాతదే ఉంటాది. ఆ తర్వాత ప్యాక్‌మానే తెరుచుకోని రోజు వస్తాది.

ఒకచోట దించి ఇంకోచోట వేయడం ఫెడోరాలోనూ అంతే. "డీఎన్‌ఎఫ్ సిస్టమ్-అప్‌గ్రేడ్ డౌన్‌లోడ్" నెట్ ఉన్నచోట, "రీబూట్" ఇంటికాడ. రెండో సగానికి నెట్ అక్కర్లేదు.

#5 · గడియారం_స్తంభం · అనంతపురం
నెట్ అక్కర్లేదు, కరెంటు కావాలి కదప్పా. ఎండాకాలంలో కోత ఎప్పుడు పడుతుందో తెలియని ఊళ్లలో యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఇది చిన్న విషయం కాదు. డెబియన్ కుటుంబంలో అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే చాలాసార్లు "డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ", ఆ తర్వాత "ఆప్ట్ -ఎఫ్ ఇన్‌స్టాల్" తో ఒడ్డున పడతాం. ప్యాక్‌మాన్ అయితే వార్-లిబ్-ప్యాక్‌మాన్‌లో డీబీ.ఎల్‌సీకే తాళం ఫైల్ మిగిలిపోతుంది. వేరే ప్యాక్‌మాన్ నడవడం లేదని నిర్ధారించుకున్నాకే అది తీసేయాలి. కెర్నల్ వేసి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో కావాల్సిన ఫైళ్ల మూట) తయారయ్యే ముందు కరెంటు పోతే ఇక బూట్ కాదు. లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి మౌంట్ చేసి, ఆర్చ్-సీహెచ్‌రూట్‌తో లోపలికి పోయి, పూర్తి అప్‌డేట్ నడిపి, "ఎంకే ఇనిట్‌సీపీఐఓ -పెద్ద పీ" కొట్టాలి. బూట్ పార్టిషన్ విడిగా ఉంటే దాన్నీ మౌంట్ చేయాలి. అది మరిచిపోతే కొత్త ఇమేజ్ తప్పు చోట తయారై, మళ్లీ మొదటికే వస్తాం.

బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్‌కు ఈ భయం తక్కువ, అది నిజం.

#6 · తుంగభద్ర_ఒడ్డు · కర్నూలు
వైఫై చిప్ సంగతి ఇంత ముఖ్యమని తెలియదు. డెబియన్ 13కే పోతాను. బ్యాకప్ ఎట్లా? 128 జీబీ పెన్‌డ్రైవ్ ఉంది, ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంది.

#7 · బురుజు_కాడ · కర్నూలు
ఎక్స్‌ఫ్యాట్ మీదికి ఫైళ్లు నేరుగా కాపీ చేయొద్దు. దానికి లినక్స్ ఓనర్లు, పర్మిషన్లు, సిమ్‌లింక్‌లు తెలియవు. వెనక్కి తెచ్చుకున్నాక ఎస్‌ఎస్‌హెచ్ కీ "పర్మిషన్లు మరీ తెరిచి ఉన్నాయి" అని మొరాయిస్తుంది, స్క్రిప్ట్‌ల పర్మిషన్లన్నీ తారుమారవుతాయి. పెన్‌డ్రైవ్‌ను లినక్స్ సొంత పద్ధతి ఎక్స్‌ట్4గా ఫార్మాట్ చేయగలిగితే "ఆర్‌సింక్ -చిన్న ఏ, పెద్ద ఏ, పెద్ద ఎక్స్, పెద్ద హెచ్" తో హోమ్ అంతా కాపీ. అది కుదరకపోతే ఎక్స్‌ఫ్యాట్ మీదే ఒక టార్ ఫైల్ చేయి. టార్ లోపల పర్మిషన్లు భద్రంగా ఉంటాయి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ గొడవ లేదు. టార్ అయ్యాక "టార్ -టీఎఫ్" తో జాబితా చివరిదాకా వస్తుందో లేదో చూడు. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్ముకోవద్దు.

హోమ్‌లో ఉండనివి ఇవి, జనం ఇక్కడే పోగొట్టుకుంటారు:

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ల డేటా వార్-లిబ్ కింద ఉంటుంది. ఫోల్డర్ కాపీ చేయొద్దు, కొత్త వెర్షన్ దాన్ని చదవకపోవచ్చు. డంప్ తీయి, అంటే ఆ డేటాబేస్ ప్రోగ్రామ్‌తోనే ఎగుమతి చేయి. క్రాన్‌ట్యాబ్ (వేళకు నడిచే పనుల జాబితా) వార్-స్పూల్‌లో ఉంటుంది. "క్రాన్‌ట్యాబ్ -ఎల్" అవుట్‌పుట్ ఒక ఫైల్‌లో పెట్టుకో. ఈటీసీలో నువ్వు చేతితో మార్చినవి, దాచిన వైఫై పాస్‌వర్డ్‌లు, కట్టుకున్న వర్చువల్ మెషీన్లు. చివరగా "ఆప్ట్-మార్క్ షోమాన్యువల్" జాబితా. దాన్ని కొత్త సిస్టమ్‌లో గుడ్డిగా నడపడానికి కాదు, ఏమేమి వాడేవాడివో గుర్తుకు తెచ్చుకోడానికి.

పైథాన్: 22.04లో 3.10, డెబియన్ 13లో 3.13. పాత వెన్వ్‌లు (ఒక్కో పనికి విడిగా కట్టుకున్న పైథాన్ ఫోల్డర్లు) ఏవీ పనిచేయవు, వాటిని మోయొద్దు. ఒక్కొక్క దాంట్లో "పిప్ ఫ్రీజ్" చేసి ఆ జాబితా దాచుకో. ఇంకోటి, డెబియన్ 12 నుంచి వెన్వ్ బయట పిప్ కొడితే "బయటినుంచి నిర్వహించే వాతావరణం" అనే ఎర్రర్ వస్తుంది. అది చెడిపోవడం కాదు. సిస్టమ్ పైథాన్‌ను పిప్ కెలకకుండా కావాలని పెట్టిన అడ్డు. బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అనే ఆప్షన్‌తో దాన్ని దాటే బదులు వెన్వ్ చేసుకో.

#8 · ఉగ్గాని · ప్రొద్దుటూరు
ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ మరిచిపోవద్దు. ఉబుంటు స్నాప్‌లో అది మామూలు చోట ఉండదు. హోమ్‌లో స్నాప్, అందులో ఫైర్‌ఫాక్స్, అందులో కామన్, దాని కింద డాట్-మొజిల్లా. హోమ్‌లోని డాట్-మొజిల్లా మాత్రమే కాపీ చేసుకుని, తర్వాత "బుక్‌మార్కులన్నీ పోయినాయి" అని బాధపడేవాళ్లు చాలామంది.

డెబియన్‌కు పోయేవాళ్లకు ఇంకో చిక్కుంది. స్నాప్‌లో ఉండేది తాజా ఫైర్‌ఫాక్స్, డెబియన్‌లో వచ్చేది ఈఎస్‌ఆర్, అంటే ఎక్కువకాలం మద్దతుండే పాత వెర్షన్. కొత్త వెర్షన్‌తో వాడిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్ తెరవదు. వెర్షన్ 67 నుంచి ఆ కాపలా ఉంది. బలవంతంగా తెరిచే మార్గం ఉన్నా దాని జోలికి పోవద్దు, ప్రొఫైల్ లోపలి డేటాబేస్ చెడే ప్రమాదముంది. రెండు దారులు: డెబియన్‌లోనూ మొజిల్లా రిపో నుంచే ఫైర్‌ఫాక్స్ వేసుకోవడం, లేదా బుక్‌మార్కులు హెచ్‌టీఎంఎల్‌గా, పాస్‌వర్డ్‌లు సీఎస్‌వీగా ముందే ఎగుమతి చేసుకోవడం. ఆ సీఎస్‌వీ మామూలు అక్షరాల్లో ఉంటుంది, పని అయిన వెంటనే తుడిచేయాలి.

#9 · పెన్నేటి_పాయ · కడప
హోమ్ విడి పార్టిషన్ పెట్టుకుంటే ఇన్ని తిప్పలు ఉండవు కదా? రూట్ (సిస్టమ్ ఉండే పార్టిషన్) మాత్రం ఫార్మాట్ చేసి, పాత హోమ్‌ను అట్లే తగిలించుకుంటే సరిపోతాది.

#10 · బురుజు_కాడ · కర్నూలు
పార్టిషన్ విడిగా పెట్టుకోవాలి, అంతవరకు సరే. పాత హోమ్ అట్లే తగిలించడం మాత్రం అందరికీ చెప్పకూడదు. కారణాలు చెబుతా.

డాట్‌తో మొదలయ్యే ఫోల్డర్లలో పాత సెట్టింగులు ఉంటాయి. పాత వెర్షన్ నుంచి కొత్తదానికి పోతే చాలావరకు అవి మారిపోతాయి. వెనక్కి పోతే, అంటే ఆర్చ్ నుంచి డెబియన్ స్టేబుల్‌కు వస్తే, పాత ప్రోగ్రామ్‌కు కొత్త సెట్టింగుల ఫైల్ అర్థం కాదు. ప్యానెల్ మాయమవడం, లాగిన్ అయి వెంటనే బయటికి రావడం, ఇవన్నీ అక్కడినుంచే.

యూజర్ నంబరు కలవాలి. ఇప్పటి డిస్ట్రోల్లో మొదటి యూజర్‌కు మామూలుగా 1000. పాత సిస్టమ్‌లో రెండో యూజర్‌గా 1001లో ఉన్నవాళ్లు కొత్తదాంట్లో 1000 అయితే సొంత ఫైళ్లే తెరుచుకోవు.

ఫెడోరాకు పోతే ఎస్‌ఈలినక్స్ ఉంది, అది ఫైళ్లకు భద్రతా లేబుళ్లు చూస్తుంది. ఉబుంటు, డెబియన్ హోమ్‌లకు ఆ లేబుళ్లు ఉండవు. "రీస్టోర్‌కాన్ -పెద్ద ఆర్ స్లాష్ హోమ్" నడపకపోతే లాగిన్ కాడే ఆగొచ్చు.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (ఎక్స్‌ట్4 బదులు వాడే ఇంకో ఫైల్ పద్ధతి) వాడేవాళ్లకు: ఉబుంటు, మింట్ సబ్‌వాల్యూమ్‌ల పేర్లు ఎట్-గుర్తుతో ఉంటాయి, ఫెడోరాలో రూట్, హోమ్ అని ఉంటాయి. సిస్టమ్ స్నాప్‌షాట్లు తీసే టైమ్‌షిఫ్ట్ ప్రోగ్రామ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పద్ధతి ఎట్-గుర్తు పేర్లనే వెతుకుతుంది. ఫెడోరాలో టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్ తీయడం లేదంటే కారణం అదే.

నా పద్ధతి: హోమ్ విడిగా, కానీ కొత్త డిస్ట్రోలో ఖాళీ హోమ్ ఫోల్డర్. పాతదాన్ని "పాత" అని పేరు మార్చి పక్కన ఉంచి, అందులోంచి పత్రాలు, బొమ్మలు, డాట్-ఎస్‌ఎస్‌హెచ్, బ్రౌజర్ ప్రొఫైల్ మాత్రమే ఒక్కొక్కటీ తెచ్చుకోవడం. డాట్-ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700, లోపలి ప్రైవేట్ కీకి 600. డాట్-కాన్ఫిగ్ మొత్తం తేవద్దు, కావాల్సిన ప్రోగ్రామ్ ఫోల్డర్ మాత్రం తెచ్చుకో.

#11 · గడియారం_స్తంభం · అనంతపురం
ఇన్‌స్టాల్ వరస. విండోస్‌లో ముందు ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో "పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్". లేకపోతే విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, లినక్స్ ఆ ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్‌ను చదవడానికే ఇస్తుంది, రాయనివ్వదు.

ఇమేజ్ సంగతి. నెట్‌ఇన్‌స్టాల్ ఇమేజ్ చిన్నదే, కానీ డెస్క్‌టాప్ మొత్తం తర్వాత నెట్‌లోంచి దింపుతుంది, నీ 2 జీబీ ప్యాక్ అక్కడే అయిపోతుంది. గ్నోమ్ డెస్క్‌టాప్ లైవ్ ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూసేది) ఎక్కడైనా బ్రాడ్‌బ్యాండ్ ఉన్నచోట దించుకో. ఎస్‌హెచ్‌ఏ చెక్‌సమ్ (ఫైల్ చెడకుండా దిగిందో తేల్చే కోడ్) సరిచూసుకో. లైవ్‌లో స్క్రీన్ వెలుగు, టచ్‌ప్యాడ్, సౌండ్, నిద్ర నుంచి లేవడం పరీక్షించి, ఆ తర్వాతే ఇన్‌స్టాలర్ నొక్కు.

పార్టిషన్లు చేతితో. ఈఎఫ్‌ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లు ఉండేది) విండోస్‌ది 100 ఎంబీ ఉంటుంది. దాన్ని బూట్-ఈఎఫ్‌ఐ మౌంట్ పాయింట్‌కు పెట్టు, ఫార్మాట్ టిక్ తీసేయి. ఫార్మాట్ అయితే విండోస్ బూట్ కాదు. బూట్ మెనూ చూపే గ్రబ్‌కు ఆ 100 ఎంబీ చాలు. కెర్నళ్లను ఈఎఫ్‌ఐలోనే దాచే పాప్ ఓఎస్ లాంటివాటికి మాత్రం చాలదు. ఉబుంటు ఉన్న 100 జీబీ తీసేసి రూట్‌కు 40, మిగతాది హోమ్‌కు, రెండూ ఎక్స్‌ట్4. స్వాప్ ఫైల్ తర్వాత చేసుకోవచ్చు.

ఉబుంటు నుంచి వచ్చేవాళ్లను తికమకపెట్టేది రూట్ (అడ్మిన్ ఖాతా) పాస్‌వర్డ్. పాత తరహా డెబియన్ ఇన్‌స్టాలర్ రూట్ పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఖాళీగా వదిలితే నీ యూజర్‌కు సుడో (అడ్మిన్ పనులకు అనుమతి) వస్తుంది. ఏదైనా ఇస్తే సుడో రాదు, "సుడోయర్స్ ఫైల్‌లో లేడు" అంటుంది. అప్పుడు "ఎస్‌యూ" పక్కన ఒక అడ్డగీత పెట్టి రూట్‌లోకి పోయి, "యూజర్‌మాడ్ -చిన్న ఏ, పెద్ద జీ సుడో" పక్కన నీ పేరు. అడ్డగీత లేకుండా పోతే ఎస్‌బిన్ దారి ఉండదు, "కమాండ్ కనబడలేదు" అంటుంది. తర్వాత లాగౌట్ అయి రావాలి.

#12 · బురుజు_కాడ · కర్నూలు
వైఫై భాగం నేను రాస్తా. ఇన్‌స్టాల్ అయ్యాక వైఫై ఉండదు, కంగారు వద్దు. ఫోన్‌ను కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయి. లినక్స్ దాన్ని ఈథర్‌నెట్‌గానే చూస్తుంది, డ్రైవర్ అక్కర్లేదు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ కాకుండా చూసుకో.

ఆప్ట్ వాడే రిపోల జాబితా సోర్సెస్‌లో మెయిన్ పక్కన కాంట్రిబ్, నాన్-ఫ్రీ, నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ ఉండాలి. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే వస్తుంది, కానీ ఈ బ్రాడ్‌కామ్ డ్రైవర్ నాన్-ఫ్రీలో ఉంది, అది విడిగా చేర్చాలి. ఆప్ట్ అప్‌డేట్ చేసి, ముందు లినక్స్-హెడర్స్-ఏఎండీ64, తర్వాత బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్. హెడర్లు లేకుండా రెండోది వేస్తే బిల్డ్ కాకుండానే "అయిపోయింది" అన్నట్టు కనిపిస్తుంది.

సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ను ఆపే కాపలా) ఆన్‌లో ఉంటే బిల్డ్ అయిన మాడ్యూల్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. "మోక్‌యుటిల్ --ఇంపోర్ట్ వార్-లిబ్-డీకేఎంఎస్-మోక్.పబ్" అని కొట్టి, ఒక పాస్‌వర్డ్ పెట్టుకుని రీబూట్. నీలం తెర వస్తుంది, అందులో ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్. ఆ తెర పది సెకన్లే ఉంటుంది, చూసుకోకపోతే దాటిపోతుంది. దాటితే మళ్లీ ఇంపోర్ట్ కాడినుంచే.

#13 · దేవుని_గడప · కడప
అన్నా, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. డీటీపీ, జిరాక్స్ షాపు మెషీన్లు మూడున్నాయి. ఒకదాంట్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఇంకోదానికి కానన్ ఎల్‌బీపీ2900, మూడోదానికి హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. మూడింటికీ లినక్స్ వేయొచ్చా?

#14 · గడియారం_స్తంభం · అనంతపురం
అను, పేజ్‌మేకర్ మెషీన్ కదిలించొద్దప్పా. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంట్, ఆ కీబోర్డ్ ప్రోగ్రామ్ లేనిచోట అక్షరాలన్నీ ఇంగ్లిష్ గుర్తుల ముద్దలా కనిపిస్తాయి. లిబ్రే ఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలదు, కానీ లోపలి తెలుగు యూనికోడ్‌గా మారదు. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు దాంట్లోనే నడుస్తుంటే ఆ మెషీన్‌ను నెట్‌కు దూరంగా ఉంచి, అదే పనికి ఉంచుకోండి.

ఎల్‌బీపీ2900 సీఏపీటీ అనే సొంత పద్ధతిలో మాట్లాడుతుంది, పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ అనే మామూలు ప్రింటర్ భాషలు రెండూ రావు. లినక్స్‌కు కంపెనీ డ్రైవర్ ఉంది కానీ పాతది, 32-బిట్ లైబ్రరీలు అడుగుతుంది, డిస్ట్రో మారిన ప్రతిసారీ కుస్తీ పట్టాలి. ఔత్సాహికులు రాసిన క్యాప్ట్‌డ్రైవర్ ఉంది. షాపు కౌంటర్‌లో జనం నిలబడి ఉండగా దాని మీద ఆధారపడమని చెప్పను. లినక్స్ మెషీన్‌లో పీడీఎఫ్ చేసి, విండోస్ మెషీన్ నుంచి ప్రింట్ ఇవ్వండి.

లేజర్‌జెట్ 1020 నడుస్తుంది. దానికి ఫర్మ్‌వేర్ లోపల ఉండదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే పంపాలి. హెచ్‌పీ ప్రింటర్ల డ్రైవర్ ప్యాకేజీ హెచ్‌ప్లిప్ వేసి "హెచ్‌పీ-ప్లగిన్" నడపాలి, నెట్ కావాలి. ప్లగిన్ వెర్షన్, హెచ్‌ప్లిప్ వెర్షన్ అక్షరం తేడా లేకుండా కలవాలి. అందుకే డిస్ట్రో అప్‌గ్రేడ్ అయిన మరునాడు "ప్రింటర్ కనబడుతోంది, పేజీ రావడం లేదు" అనేది వస్తుంది. మళ్లీ హెచ్‌పీ-ప్లగిన్ నడిపితే సర్దుకుంటుంది. అంటే మూడో మెషీన్ ఒక్కటే మార్చండి, అదీ ఎల్‌ఎండీఈ 7 (డెబియన్ మీద కట్టిన మింట్) గానీ మింట్ 22 గానీ. షాపులో కూర్చునే పిల్లలకు సినమన్ డెస్క్‌టాప్ త్వరగా అలవాటవుతుంది.

#15 · ఉరవకొండ_తమ్ముడు · అనంతపురం
నాది ఇంజనీరింగ్ రెండో ఏడాది. క్లాసులో అందరూ కాలీ (సెక్యూరిటీ టూల్స్‌తో వచ్చే డిస్ట్రో) వేసుకుంటున్నారు. ఉబుంటులోనే కాలీ రిపో చేర్చుకుంటే టూల్స్ వస్తాయంటున్నారు, చేర్చుకోవచ్చా అన్నా?

#16 · బురుజు_కాడ · కర్నూలు
వద్దు తమ్ముడూ. కాలీ డెబియన్ టెస్టింగ్ మీద కట్టిన రోలింగ్. దాని రిపో ఉబుంటులో చేర్చి అప్‌గ్రేడ్ కొడితే గ్లిబ్‌సీ, సిస్టమ్‌డీ, పైథాన్ అన్నీ అటువైపు లాగబడతాయి. సగం అటు, సగం ఇటు ఆగుతుంది. ఆప్ట్‌కు వెనక్కి దించే పద్ధతి సరిగా లేదు, కాబట్టి రిపో తీసేసినా సిస్టమ్ మునుపటిలా కాదు, ఫార్మాట్ చేయాల్సిందే. డెబియన్‌లో ఉబుంటు పీపీఏలు (ఉబుంటు కోసం బయటివాళ్లు పెట్టే రిపోలు) చేర్చేవాళ్లకూ ఇదే గతి.

లినక్స్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు కాలీ తగదని కాలీ వాళ్ల పత్రాల్లోనే రాసి ఉంది. రోజువారీకి మింటో డెబియనో ఉంచు. కాలీ వర్చువల్ మెషీన్‌లో, 2 జీబీ ర్యామ్ ఇస్తే పాఠాలకు చాలు. ఎన్‌మ్యాప్, వైర్‌షార్క్ లాంటి నెట్‌వర్క్ టూల్స్ ఏ డిస్ట్రోలోనైనా మామూలు రిపోల్లోనే ఉన్నాయి. వైర్‌షార్క్ వేసేటప్పుడు "రూట్ కాని యూజర్లకు అనుమతి" అని అడిగితే అవునను. తర్వాత వైర్‌షార్క్ గ్రూప్‌లో నీ యూజర్‌ను చేర్చి లాగౌట్ అయి రా. ప్రోగ్రామ్‌ను సుడోతో నడపొద్దు.

#17 · తుంగభద్ర_ఒడ్డు · కర్నూలు
ఇంకో సందేహం. ఇరుక్కుంటే ఎక్కడ అడగాలి? ఆర్చ్ వాళ్లు కోప్పడతారని, డెబియన్ వాళ్లు పట్టించుకోరని విన్నాను.

#18 · పెన్నేటి_పాయ · కడప
ఆర్చ్ వాళ్లు కోప్పడేది వికీ చదవకుండా వచ్చినప్పుడు, లాగ్ ఇవ్వనప్పుడు. ఆ వికీ ఏ డిస్ట్రో వాడేవాళ్లకైనా అన్నం పెడుతుంది, ప్యాకేజీల పేర్లు మార్చుకుని చదువుకోవాలంతే. ఆర్చ్ ఫోరమ్‌లో మంజారో, ఎండీవర్ లాంటి పిల్ల డిస్ట్రోల ప్రశ్నలు తీసుకోరు, అది వాళ్ల నియమం. మంజారో ప్యాకేజీలను కొన్నాళ్లు ఆపి వదులుతాది కాబట్టి వెర్షన్లు కలవవు, జవాబు తప్పుతాది. మనిషి మీద కోపం కాదు. అట్లే ఆస్క్ ఉబుంటులో మింట్ ప్రశ్న మూసేస్తారు, మింట్‌కు సొంత ఫోరమ్ ఉంది.

ఏయూఆర్ (ఆర్చ్ వాడేవాళ్లు ప్యాకేజీలు పెట్టుకునే చోటు) గురించి ఒక హెచ్చరిక. అది అధికారిక రిపో కాదు, ఎవరైనా పెట్టొచ్చు. 2025 జూలైలో బ్రౌజర్ల పేర్లతో పెట్టిన కొన్ని ప్యాకేజీల్లో దూరం నుంచి మెషీన్‌ను ఆడించే మాల్‌వేర్ దొరికితే తీసేశారు. ప్యాకేజీ ఎట్లా కట్టాలో చెప్పే పీకేజీబిల్డ్ ఫైల్ తెరిచి, సోర్స్ ఎక్కడినుంచి వస్తుందో చదివి వేసుకోవాలి. అది చదివే ఓపిక లేకపోతే ఏయూఆర్ వద్దు.

#19 · గడియారం_స్తంభం · అనంతపురం
డెబియన్ వాళ్లు పట్టించుకోరనేది సరికాదు. వాళ్ల పని చాలావరకు మెయిలింగ్ లిస్టుల్లో, ఐఆర్‌సీ చాట్‌లో జరుగుతుంది. మనం చూసే చోట ఉండరు కాబట్టి అట్లా అనిపిస్తుంది. బగ్ అయితే రిపోర్ట్‌బగ్ అనే ప్రోగ్రామ్ ఉంది, వెర్షన్లు అదే చేరుస్తుంది. నీ మెయిల్ ఐడీ అందరికీ కనబడుతుంది, ముందే తెలుసుకో, కావాలంటే వేరే ఐడీ వాడు.

నేను డెబియన్‌ను గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం దాని వెనక కంపెనీ లేకపోవడం. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టింది, 1997 నుంచి సామాజిక ఒప్పందం రాసి పెట్టుకుంది, నాయకుణ్ని ఏటా డెవలపర్లు ఓటేసి ఎన్నుకుంటారు. రెడ్ హ్యాట్ కంపెనీ చేతిలోని సెంటోస్ 8 డిస్ట్రోకు 2029 దాకా మద్దతు అనుకుని సర్వర్లు వేసుకున్నవాళ్లకు 2020 డిసెంబర్‌లో ప్రకటన వచ్చింది, 2021 చివరికే ఆగిపోయింది. అప్పుడు అల్మా, రాకీ అనే డిస్ట్రోలు పుట్టి జనాన్ని ఆదుకున్నాయి. డిస్ట్రో ఎంచుకునేటప్పుడు నిర్ణయం ఎవరి చేతిలో ఉందో చూడటం నా లెక్కలో ప్యాకేజీల సంఖ్య కన్నా ముఖ్యం. డెబియన్ వాళ్ల ఏటా సమావేశం డెబ్‌కాన్ఫ్ 2023లో మన పక్కనే కొచ్చిలో జరిగింది, ఆ జనం మనకు దూరం కాదు.

ఎక్కడ అడిగినా ఇవి పెట్టు: "ఇన్‌క్సీ -పెద్ద ఎఫ్, ఎక్స్‌లు మూడు, జెడ్" అవుట్‌పుట్ (ఆ జెడ్ సీరియల్ నంబర్లు, మ్యాక్ అడ్రస్ దాచేస్తుంది), డ్రైవర్ గొడవైతే "ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే", బూట్ గొడవైతే "జర్నల్‌సీటీఎల్ -బీ -పీ ఈఆర్‌ఆర్". ఫోన్‌తో తీసిన తెర ఫొటో వద్దు, అక్షరాలు కాపీ చేసి పెట్టు. ఏం చేశావు, ఏం రావాలి, ఏం వచ్చింది, మూడు వాక్యాల్లో.

#20 · ఉగ్గాని · ప్రొద్దుటూరు
తెలుగు టైపింగ్ ఎవరూ చెప్పలేదు. డెబియన్ గ్నోమ్‌లో ఐబస్-ఎం17ఎన్ వేసి, లాగౌట్ అయి వచ్చి, సెట్టింగ్స్‌లో కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్‌లో తెలుగు చేర్చు. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ అన్నీ అందులో ఉన్నాయి. కేడీఈ డెస్క్‌టాప్ వేలాండ్ మీద అయితే ఎఫ్‌సీఐటీఎక్స్5, దాని ఎం17ఎన్ భాగం వేసి, సిస్టమ్ సెట్టింగ్స్‌లో వర్చువల్ కీబోర్డ్ కాడ ఎఫ్‌సీఐటీఎక్స్5ను ఎంచుకోవాలి. చాలామంది ఈ చివరి మెట్టు వదిలేసి, తెలుగు పడడం లేదంటారు.

ఫాంట్లకు ఫాంట్స్-టెలు, ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా (పోతన, వేమన ఇందులో), ఫాంట్స్-తెలుగువిజయం. విండోస్‌లో గౌతమితో చేసిన పత్రాలు ఇక్కడ వేరే ఫాంట్‌తో తెరుచుకుని పేజీలు జరుగుతాయి. లిబ్రే ఆఫీస్ ఆప్షన్లలో ఫాంట్ల మార్పిడి పట్టిక ఉంది, గౌతమి బదులు ఏది రావాలో అక్కడ ఒకసారి చెప్పేస్తే ప్రతి పత్రంలో మార్చే పని ఉండదు. ఆఫీసుకు పంపేది మాత్రం పీడీఎఫ్‌గా పంపు.

#21 · తుంగభద్ర_ఒడ్డు · కర్నూలు
డెబియన్ 13 పడింది, వైఫై, తెలుగు రెండూ వచ్చాయి. మూడు మిగిలాయి. విండోస్‌లోకి పోయి వస్తే గడియారం ఐదున్నర గంటలు తప్పుతోంది. బూట్ మెనూలో విండోస్ లేదు, ఎఫ్12 నొక్కితే మాత్రం ఉంది, అక్కడే పాత "ఉబుంటు" కూడా ఉంది. పెద్ద జిప్ విప్పుతుంటే టెంప్ (తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్) నిండిందంటోంది.

#22 · బురుజు_కాడ · కర్నూలు
గడియారం: విండోస్ మదర్‌బోర్డు గడియారంలో మన సమయం రాస్తుంది, లినక్స్ అక్కడ గ్రీన్‌విచ్ సమయం ఉందనుకుంటుంది. తేడా 5:30. "టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1". విండోస్ ఎప్పుడైనా తీసేస్తే దాన్ని మళ్లీ 0 చేయాలి.

విండోస్ మెనూ: ఓఎస్-ప్రోబర్ ప్యాకేజీ ఉందో చూడు. ఈటీసీ-డీఫాల్ట్-గ్రబ్ ఫైల్‌లో గ్రబ్-డిసేబుల్-ఓఎస్-ప్రోబర్ అనే వరసను ఫాల్స్ చేయి (పేరు పెద్ద అక్షరాల్లో, మధ్యలో కింది గీతలు). గ్రబ్ 2.06 నుంచి అది మామూలుగా ఆపి ఉంటుంది. తర్వాత "అప్‌డేట్-గ్రబ్".

పాత ఉబుంటు: "ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్" ఒట్టిగా కొడితే నంబర్లు వస్తాయి. ఉబుంటు ఎదురుగా 0003 ఉందనుకో, "-చిన్న బీ 0003 -పెద్ద బీ". బూట్-ఈఎఫ్‌ఐలో ఈఎఫ్‌ఐ కింద ఉబుంటు ఫోల్డర్ కూడా తీసేయి, కొన్ని బయోస్‌లు ఫోల్డర్ కనబడితే ఎంట్రీ మళ్లీ పుట్టిస్తాయి. మైక్రోసాఫ్ట్, డెబియన్, బూట్ అనే ఫోల్డర్లు ముట్టుకోవద్దు. చదివే మిగతావాళ్లకు: మింట్ కూడా అదే "ఉబుంటు" పేరు ఫోల్డర్‌లో కూర్చుంటుంది. మింట్, ఉబుంటు రెండూ పక్కపక్కన ఉన్న మెషీన్‌లో ఆ ఫోల్డర్ తీస్తే రెండూ పోతాయి.

టెంప్: డెబియన్ 13లో టెంప్ ర్యామ్‌లో ఉంటుంది, గరిష్ఠంగా ర్యామ్‌లో సగం, నీకు 4 జీబీ. పెద్ద జిప్‌లు హోమ్‌లోనే విప్పుకో. ఎప్పుడూ ఇదే పనైతే "సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ టీఎంపీ.మౌంట్" కొట్టి రీబూట్ చేస్తే టెంప్ మళ్లీ డిస్క్ మీదికి పోతుంది.

#23 · తుంగభద్ర_ఒడ్డు · కర్నూలు
మూడూ సరిపోయాయి. ఉబుంటు నంబరు 0001 ఉంది అన్నా, 0003 విండోస్‌ది. చూసుకునే కొట్టాను.

#24 · నల్లరేగడి · నిర్వాహకుడు · ఆదోని
#22లోని 0003 ఉదాహరణ మాత్రమే, మీ మెషీన్‌లో వచ్చిన నంబరే వాడండి. #7, #10, #12 పైన పిన్ చేస్తున్నాను. డీటీపీ ప్రింటర్ల ప్రశ్నలకు విడిగా చర్చ తెరిచాను, దేవుని_గడప గారూ, మీ 1020కి హెచ్‌ప్లిప్ వెర్షన్ ఎంతో అక్కడ రాయండి.